మబ్బు కింద ఏముంది?

(మన ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



కష్టపడి చదవండి అని నాకంటే ముందు ఇద్దరు పెద్దలు చెప్పారు. ఆ మాట నేను మళ్ళీ చెప్పను. కంప్యూటర్ రంగంలో వస్తున్న కొత్త విద్యల గురించి అరగంట మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. నేను కామర్స్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. అన్ని విద్యల గురించీ మాట్లాడే స్తోమత నాకు లేదు. అందుకని ఒక్క విషయమే తీసుకుంటాను. ఉపగ్రహం తీసిన చిత్రానికి మబ్బు అడ్డం వచ్చినప్పుడు, ఆ మబ్బు కింద నేల ఎలా ఉందో కంప్యూటర్ చేత పూరింపజేసే పని అది. దీన్ని మెషిన్ లెర్నింగ్ అనే పద్ధతితో చేస్తున్నారు.

ఇది మనకెందుకు అని వెనుక వరుసలో ఎవరో అన్నట్టు వినిపించింది. చెబుతాను. మన చాళ్ళలో ఉండేవారిలో చాలామందికి ఊళ్ళో ఎకరమో, రెండెకరాలో ఇంకా ఉంది. పంట ఎంత పండిందన్న లెక్కలోనూ, వరదలో ఎంత మునిగిందన్న లెక్కలోనూ ఉపగ్రహ చిత్రాల పాత్ర ఏటికేడు పెరుగుతోంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలయ్యే చోట్ల, 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ పంటల దిగుబడి నిర్ణయంలో సాంకేతిక పద్ధతిలో కట్టిన అంచనాకు 30 శాతం వెయిటేజీ ఇచ్చారు. దానికి యెస్-టెక్ అని పేరు. అంతకుముందు పొలంలో గడి గీసి, పంట కోసి, తూచి చూసిన లెక్కే లెక్క. ఇప్పుడు ఆకాశం నుంచి చూసిన లెక్క కూడా దాని పక్కన చేరింది. మరి వానాకాలపు పంటకు ఆకాశం నుంచి చూడాలంటే అడ్డం వచ్చేది ఏమిటి? మబ్బే.

మన పెద్దలు నిజాం రాజ్యంలోని పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుంచి ఈ నగరానికి రాళ్ళు మోయడానికి, ఇళ్ళు కట్టడానికి, మిల్లుల్లో పనిచేయడానికి వచ్చారు. అలా వచ్చిన కామాటీల పేరు మీదనే కామాటిపుర అయింది. పాలమూరు నేల మీదనే, షాద్‌నగర్‌లో, 1979లో ఒక పెద్ద డిష్ ఏంటెనా నిలబెట్టారు. అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం మన దేశం మీదుగా పోయేటప్పుడు పంపే చిత్రాలను అక్కడ అందుకునేవారు. 1988 మార్చి 17న మన సొంత దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ పైకి వెళ్ళాక దాని చిత్రాలూ అక్కడికే వచ్చాయి. ఆ కేంద్రాన్ని నడిపేది హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. 1974లో ఏజెన్సీగా మొదలై, 2008లో ఇస్రోలో భాగమైంది. 2016లో జిల్లాలు మారాక షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది గానీ, మన ముసలివాళ్ళ నోట్లో అది ఇప్పటికీ పాలమూరే. కూలి కోసం మనవాళ్ళు వదిలి వచ్చిన నేల మీదికి దేశం మొత్తం చిత్రాలు వచ్చి దిగుతున్నాయి. పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఇక మబ్బు సంగతి. నాసా వారి రెండు ఉపగ్రహాలు ఏళ్ళ తరబడి చూసి కట్టిన లెక్క ప్రకారం, ఏ సమయంలో చూసినా సగటున భూగోళంలో మూడింట రెండు వంతుల మీద మబ్బు ఉంటుంది. నేల వరకే తీసుకుంటే 55 శాతం. ఇది ఏడాది పొడుగునా, ప్రపంచమంతటికీ సగటు. జులై, ఆగస్టు నెలల్లో మన దగ్గర పరిస్థితి వేరే చెప్పాలా? వరి సుమారు 120 రోజుల పంట. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలో లిస్-3 అనే కెమెరా ఉంది. ఒక ఉపగ్రహం ఆ కెమెరాతో ఒకే పొలాన్ని 24 రోజులకోసారి చూస్తుంది. అంటే పంట మొత్తానికి అయిదుసార్లు. అందులో నాలుగుసార్లు మబ్బు పట్టిందంటే మిగిలేది ఒక్క చిత్రం. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు జంటగా అయిదు రోజులకోసారి వస్తాయి కాబట్టి 24 అవకాశాలు దొరుకుతాయి. అయినా నాట్లు పడే వారాల్లో వరుసగా అన్నీ తెల్లగానే రావచ్చు. మబ్బుతో పాటు మబ్బు నీడ కూడా ఒక చిక్కు. నీడ పడిన పొలం నల్లగా కనిపించి, నీళ్ళు నిలిచాయా అనిపిస్తుంది.

ఈ ఖాళీని ఎలా పూరిస్తారో నాకు అలవాటైన భాషలో చెబుతాను. కంప్యూటర్లు రాకముందు బ్యాంకులో పెద్ద పెద్ద లెడ్జర్లు ఉండేవి. వానకు తడిసి ఒక పేజీలో నాలుగు పద్దులు చెరిగిపోయాయనుకోండి. ఆ ఖాతా నిల్వ ఎంతో మళ్ళీ తేల్చాలి. ఏం చేస్తాం? మొదట, చెరిగిన చోటికి ముందు పద్దు, తరువాతి పద్దు చూస్తాం. నాలుగో తేదీన నిల్వ ఇంత, పదో తేదీన ఇంత, మధ్యలో ఏదో జరిగింది. ఉపగ్రహ చిత్రాల్లో కూడా మొదటి పద్ధతి ఇదే. మబ్బు లేని పాత చిత్రం, మబ్బు లేని తరువాతి చిత్రం చూసి మధ్యది అంచనా కడతారు. రెండోది, అదే పేజీలో అటువంటి ఇతర ఖాతాలు చూడటం. అదే మిల్లు కార్మికులైతే జీతం అదే రోజు పడి ఉంటుంది. చిత్రంలో అయితే మబ్బు చుట్టూ కనిపించే పొలాలను చూసి కింద పొలం ఎలా ఉంటుందో ఊహిస్తారు. మూడోది అన్నిటికన్నా గట్టిది. ఖాతాదారుణ్ణి పిలిచి పాస్‌బుక్ తెమ్మంటాం. అది లెడ్జరు కాదు, కానీ అదే లావాదేవీని ఇంకొక చోట రాసిన కాగితం.

ఉపగ్రహాల విషయంలో ఆ పాస్‌బుక్ ఏమిటంటే రాడార్. మామూలు కెమెరాకు సూర్యకాంతి కావాలి, కాంతి మబ్బును దాటలేదు. రాడార్ ఉపగ్రహం తానే అలలను కిందికి పంపి, తిరిగివచ్చిన వాటిని కొలుస్తుంది. మబ్బులోని నీటి బిందువు మిల్లీమీటరులో వందో వంతు మాత్రమే ఉంటుంది. రాడార్ అల పొడవు అయిదు సెంటీమీటర్ల పైమాటే. అంత చిన్న బిందువులు ఆ అలకు అడ్డే కావు. అందుకే రాత్రి అయినా, మబ్బు అయినా రాడార్ పని ఆగదు. మన రీశాట్-1 ను 2012 ఏప్రిల్‌లో, ఇ.ఓ.ఎస్.-04 ను 2022 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి పంపారు. నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ 2025 జులై 30న అక్కడి నుంచే వెళ్ళింది. అది 12 రోజులకు రెండుసార్లు చొప్పున ప్రతి చోటునూ చూసేలా తయారైంది. 2024లో ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మీరంతా టీవీలో చూశారు కదా, అటువంటి రోజుల్లో మామూలు కెమెరా ఉపగ్రహం నుంచి వచ్చేది తెల్లటి దూదిపింజల ఫోటోయే. ముంపు పటాలకు రాడారే దిక్కు.

అయితే పాస్‌బుక్ ఉంది కదా, లెడ్జరు ఎందుకు అనకండి. రాడార్‌కు రంగు తెలియదు. నేల గరుకా నునుపా, తడా పొడా, మొక్క ఎంత ఎత్తున నిలబడింది అన్నది చెబుతుంది. నాట్లకు నీళ్ళు పెట్టిన మడి అద్దంలా ఉంటుంది కాబట్టి అల పక్కకు జారిపోయి చిత్రంలో నల్లగా పడుతుంది. పైరు ఎదిగేకొద్దీ అదే మడి తెల్లబడుతుంది. కానీ ఆకు పసుపు పచ్చగా మారిందా, తెగులు పట్టిందా అంటే రాడార్ ఏమీ చెప్పలేదు. దానికి కెమెరా, అందులోనూ మన కంటికి కనబడని పరారుణ కాంతిని చూసే కెమెరా కావాలి. పట్టణాల్లో ఇంకో ఇబ్బంది. గోడల మధ్య నిలిచిన నీటి మీద పడిన అల గోడకు తగిలి తిరిగి పైకే వస్తుంది. నల్లగా కనిపించాల్సిన వరద నీరు మెరుస్తూ కనిపిస్తుంది.

ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ దగ్గరికి వచ్చాం. పేరు పెద్దది గానీ, పని మన గుమాస్తా పనే. ఒకే చోటికి సంబంధించిన మూడు చిత్రాలు తీసుకుంటారు. మబ్బు పట్టిన కెమెరా చిత్రం, ఆ రోజులకు దగ్గరలో తీసిన మబ్బు లేని కెమెరా చిత్రం, రాడార్ చిత్రం. మొదటిదీ మూడోదీ కంప్యూటర్‌కు చూపించి, రెండోది ఎలా ఉంటుందో చెప్పమంటారు. మొదట్లో అది నోటికొచ్చింది చెబుతుంది. అసలు చిత్రంతో పోల్చి, ఎక్కడ ఎంత తేడా వచ్చిందో లెక్కగట్టి, ఆ తేడా తగ్గేలా లోపల ఉన్న లక్షల అంకెలను కాస్త కాస్త సవరిస్తారు. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ సవరిస్తారు. జర్మనీలోని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2020లో దీనికోసం ఒక చిత్రాల నిధిని విడుదల చేశారు. ప్రపంచంలోని 169 ప్రాంతాల నుంచి, అన్ని రుతువుల్లోనూ తీసిన 1,22,000కు పైగా ఇటువంటి మూడేసి చిత్రాల కట్టలు అందులో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. లక్ష లెడ్జర్లు తిరగేసిన పెద్ద గుమాస్తా చెరిగిన పద్దును చూసి "ఇక్కడ ఇంత ఉండి ఉంటుంది" అంటాడే, అదే నేర్పు.

ఆ నేర్పు నిజంగానే గొప్పది. పలుచని మబ్బు అయితే కింద నుంచి కాస్త కాంతి వస్తూనే ఉంటుంది కాబట్టి, దాన్ని పట్టుకుని చాలా బాగా శుభ్రం చేస్తుంది. దట్టమైన మబ్బు కింద మాత్రం కెమెరాకు అందింది ఏమీ లేదు. అక్కడ కంప్యూటర్ రాసేది కనబడినది కాదు, ఉండవచ్చు అనుకున్నది. ఈ తేడానే ఈ రోజు మీ ముందు పెట్టాలని వచ్చాను.

మన ఇళ్ళ నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. మే నెలాఖరులో మన గల్లీల్లో అందరూ పైకప్పు మీద నీలం తాడ్‌పత్రి కప్పుకుంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పైనుంచి చూస్తే సగం కామాటిపుర నీలంగా ఉంటుంది. ఇప్పుడు ఏప్రిల్ చిత్రం ఆధారంగా జులై మబ్బును పూరించమంటే కంప్యూటర్ ఏం చేస్తుంది? బూడిద రంగు రేకులు, పెంకులు గీసి ఇస్తుంది. రాడార్‌ను అడిగినా లాభం లేదు, దానికి నీలం తెలియదన్నాం కదా. చిత్రం చూడటానికి శుభ్రంగా, ఎక్కడా అతుకు కనబడకుండా ఉంటుంది. కానీ అందులో వానాకాలమే లేదు.

ఊళ్ళో అయితే చెరువు. మేలో చెరువు ఎండి పగుళ్ళు బారి ఉంటుంది, రెండు మంచి వానలకు నిండుతుంది. పాత చిత్రమే ఆధారమైతే నిండిన చెరువు ఎండిన చెరువుగానే మిగులుతుంది. ఇక్కడ రాడార్ ఆదుకుంటుంది, నీరు ఉందని చెబుతుంది. అదీ గాలి బలంగా వీచి నీరు అలలు కొట్టకుండా ఉంటేనే. అందుకే ఏ ఆధారంతో పూరించారన్నది అడిగి తెలుసుకోవాలి.

పక్కవాటిని చూసి పూరించడంలో ఎంత ప్రమాదం ఉందో ముంబయి వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు కొలాబాలో పడింది 73 మిల్లీమీటర్లు. రెండూ ఒకే నగరం. మధ్య దూరం లోకల్ రైలులో గంట కూడా కాదు. ఆ రోజు శాంతాక్రూజ్ కొలమానం పనిచేయక, కొలాబా అంకెను చూసి ఖాళీ నింపి ఉంటే, కాగితం మీద అది మామూలు వాన రోజు అయ్యేది. సబర్బులకు పనికి వెళ్ళి రాత్రంతా ఇల్లు చేరని మనవాళ్ళ లెక్క ఆ కాగితంలో ఉండేది కాదు. మామూలు రోజుల్లో అంచనా దగ్గర దగ్గరగా సరిపోతుంది. ఎప్పుడైతే అసాధారణమైనది జరుగుతుందో, అంటే వరద, కరువు, తెగులు, సరిగ్గా అప్పుడే అంచనా తప్పే అవకాశం ఎక్కువ. నష్టపరిహారం అడిగేది కూడా సరిగ్గా అప్పుడే.

బ్యాంకులో చెరిగిన పద్దును తిరిగి రాసినప్పుడు దాన్ని అసలు పద్దులా కనిపించనివ్వం. వేరే సిరాతో రాసి, ఏ కాగితం ఆధారంగా రాశామో పక్కన చూపించి, ఆఫీసరు సంతకం పెట్టించాలి. ఆడిట్ వాళ్ళు ముందు చూసేది అవే. ఉపగ్రహ చిత్రాలకూ అటువంటి ఏర్పాటు ఉంది. దాన్ని మాస్క్ అంటారు. ప్రతి గడి పక్కన ఇది నిజంగా చూసినది, ఇది మబ్బు, ఇది నీడ అని గుర్తు పెట్టే పట్టిక అది. 2023లో జర్మనీ, స్విట్జర్లాండ్ పరిశోధకులు కొందరు ఇంకో అడుగు వేశారు. పూరించిన ప్రతి గడికీ తనకు ఎంత నమ్మకం ఉందో కూడా కంప్యూటర్ చేతనే చెప్పించారు. నా దృష్టిలో చిత్రాన్ని అందంగా చేయడం కన్నా ఇదే పెద్ద పని. తళతళలాడే చిత్రం ఇచ్చే పద్ధతులు లేని గట్లను, లేని చెట్లను కూడా కల్పించగలవు. కాస్త మసకగా ఉన్న పూరింపు తనకు తెలియదని ఒప్పుకుంటోంది. మరీ స్పష్టంగా ఉన్నదాన్నే ఎక్కువ అనుమానించాలి.

చిక్కేమిటంటే, చిత్రం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోయేటప్పుడు మాస్క్ వెనుకబడిపోతుంది. చివరకు మండల కేంద్రంలోనో తాలూకాలోనో గుమాస్తా బల్ల మీద పడేది రంగుల పటం ఒక్కటే. ఆయనకు అందులో ఏ గడి చూసినదో, ఏ గడి ఊహించినదో తెలిసే దారి ఉండదు. ఆ పటం చూపించి "మీ ఊరి పైరు ఆగస్టులో పచ్చగానే ఉందండీ" అంటే రైతు ఏం సమాధానం చెబుతాడు? కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. ఊళ్ళో మీ అన్నదమ్ములకు ఎప్పుడైనా ఇటువంటి పటం చూపిస్తే రెండు ప్రశ్నలు అడగమనండి. ఈ చిత్రం ఏ తేదీది? ఆ తేదీన మా ఊరి మీద మబ్బు ఉందా లేదా? ఇంకో సంగతి. పంట మునిగితే ఆ రోజే ఫోనుతో తేదీ పడేలా ఫోటో తీసి పెట్టుకోమనండి. ఫసల్ బీమాలో పొలం మునిగిన నష్టాన్ని 72 గంటల్లోగా తెలపాలన్న నిబంధన ఉంది. ఆకాశం నుంచి చూసేవాడికి మబ్బు అడ్డం గానీ, గట్టు మీద నిలబడ్డవాడికి కాదు కదా.

పిల్లలు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. దీన్ని ఎక్కడ నేర్చుకోవాలి, ఎంత ఖర్చవుతుంది? మొదటి మెట్టుకు ఖర్చు లేదు. ఎన్.ఆర్.ఎస్.సి. వారి భూనిధి పోర్టల్‌లో మన ఉపగ్రహాల చిత్రాలు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి, పేరు నమోదు చేసుకుంటే చాలు. సెంటినెల్ చిత్రాలు, 2008 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలు అందరికీ ఉచితం. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఇంట్లో కూర్చుని నేర్చుకునేలా ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. మన పవాయిలో ఐ.ఐ.టి. బొంబాయిలోనే ఈ విద్యకు ఒక విభాగం ఉంది. పెద్ద చదువులకు వెళ్ళదలచిన వారికి గేట్ పరీక్షలో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజనీరింగ్, 2024 నుంచి డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేపర్లు వచ్చాయి. కామర్స్ పిల్లలు ఇది మనది కాదనుకోవద్దు. స్టాటిస్టిక్స్ సరిగ్గా చదివిన బి.కామ్. విద్యార్థికి ఇందులో సగం సంగతులు అర్థమవుతాయి. నాకే అయ్యాయి.

మొదలుపెట్టేవారికి ఒక చిన్న పని చెబుతాను. మీ తాతగారి ఊరు పటంలో వెతకండి. ఒక ఏడాది జూన్ నుంచి అక్టోబరు దాకా దాని సెంటినెల్-2 చిత్రాలన్నీ తేదీల వారీగా దించి, ఎన్నిటిలో ఊరు కనబడిందో, ఎన్నిటిలో మబ్బు ఉందో ఒక నోటు పుస్తకంలో రాయండి. మబ్బు ఉన్న తేదీలకు ఎదురుగా, ఆ రోజు వాన పడిందా, పొలంలో ఏ పని జరుగుతోంది అని ఊళ్ళో పెద్దవాళ్ళకు ఫోన్ చేసి అడిగి రాయండి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు నాట్లు, కలుపు, పొట్ట దశ అన్న మాటలు కూడా ఆ వంకతో తెలుస్తాయి. పుస్తకం పూర్తయినవారు కార్యదర్శి గారికి ఇవ్వండి. నాకు చదవాలని ఉంది.